కంప్యూటర్ నయమైన రోజు

నాగేశ్వరి మూడో బిందెను కుళాయి కింద పెట్టి, నిండినదాన్ని నడుముకెత్తుకుని వంటింట్లోకి నడిచింది. పన్నెండింటికి కరెంటు పోతుంది. పోయిందంటే మళ్ళీ రెండింటికే. మోటారు ఆడినంతసేపే నీళ్ళు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై ఆ మంగళవారానికి నాలుగు వారాలు. గనుల్లో బొగ్గు పైకి రావడం లేదు. ఏ పేటకు ఎన్ని గంటలు కరెంటు తీస్తారో పేపర్లో వేస్తున్నారు. ఎల్బీ నగర్‌లోని ఆ ఇంట్లో మాత్రం పన్నెండు గంటలంటే భయం కరెంటు గురించి కాదు. సబ్ ఇన్‌స్పెక్టర్ జైపాల్ ఆ వేళకు వస్తానన్నాడు. అబ్బాయి అభిరామ్‌ను, వాడి కంప్యూటర్‌ను కలిపి స్టేషన్‌కు తీసుకుపోతానన్నాడు.

"ఇటియ్యమ్మా, నేను పెడ్త," అంటూ ప్రసన్న గుమ్మం పక్కన చెప్పులు విడిచి నాలుగో బిందె అందుకుంది.

"అయ్యో, వద్దండీ! డిటెక్టివ్ గారిచేత నీళ్ళు పట్టిస్తామా?"

"మా ఊర్ల పొద్దుగాల లేస్తే ఇదే పని. చేతులు ఖాళీగ ఉంటే నాకు మాట రాదు."

ప్రసన్నది బాటసింగారం అవతల చిన్న పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో హార్డ్‌వేర్ కోర్సు నేర్చుకుని ఆరేళ్ళు కంప్యూటర్లు బాగుచేసింది. పోయిన ఫైళ్ళు వెతికిపెట్టమని వచ్చినవాళ్ళు క్రమంగా పోయిన మనుషుల్ని కూడా వెతికిపెట్టమనడంతో, రెండేళ్ళ కిందట అక్కడే ఒక మేడ మీద గది కిరాయికి తీసుకుని 'ప్రైవేట్ డిటెక్టివ్' అని రేకు బోర్డు కట్టింది. తక్కువ మాట్లాడుతుంది. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఎంతసేపైనా కూర్చుంటుంది.

"మీరు, అభిరామ్ తెనాలి ఎప్పుడు పోయిన్రమ్మా?"

"ఒకటో తారీకు పొద్దున. మా చెల్లెలి మనవడి అన్నప్రాశన. బస్సులు లేవుగా, రైల్లో నిలబడే వెళ్ళాం. తిరిగి నాలుగో తారీకు సాయంత్రం దిగాం."

"సారు, అమ్మాయి రాలే?"

"ఆయనకు రైళ్ళలో ఆ తోపులాట పడదు. మృదులకు చదువు. పరీక్ష నెత్తిమీద ఉందిగా." నాగేశ్వరి కుళాయి కట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మావాడు అలాంటివాడు కాదమ్మా. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి నెల కాలేదు. పోలీసు కేసంటే ఆ కంపెనీ వాళ్ళు గుమ్మం తొక్కనిస్తారా?"

ప్రసన్న గడియారం చూసింది. పది నలభై.

అసలు సంగతి ఇది. వనస్థలిపురంలో ఉండే సీతారాములు మాస్టారు లెక్చరర్ల నియామక పరీక్షకు ప్రశ్నపత్రం తయారుచేశారు. సెప్టెంబరు ఇరవై నాలుగు శనివారం సాయంత్రం, పాత స్నేహితుడు, నాగేశ్వరి భర్త వెంకట్రావు ఇంట్లో కాఫీ తాగి వెళుతూ, ఆ పేపరున్న పెన్‌డ్రైవ్‌ను సోఫాలో జారవిడుచుకున్నారు. సోమవారం అభిరామ్‌కు అది దొరికింది. వాడే స్కూటరు మీద తీసుకెళ్ళి ఇచ్చాడు. పెన్‌డ్రైవ్ చుట్టూ మాస్టారు అంటించిన సంతకం చీటీ చిరిగి ఉంది. లోపలి ఫైలుకు పెద్ద పాస్‌వర్డ్ ఉంది. ఎవరో కాపీ చేసుకున్నా తెరవడం నెలల పని, పేపరు మార్చనక్కర్లేదు అని పరీక్ష బోర్డు నిర్ధారించింది. అక్టోబరు రెండున జరగాల్సిన పరీక్ష సమ్మె వల్ల పదహారుకు వాయిదా పడింది. అంటే దొంగకు రెండు వారాలు అదనంగా దొరికాయి. అంత బలమైన కంప్యూటరు ఆ పెన్‌డ్రైవ్ తిరిగిన చోట్లలో ఒక్క ఇంట్లోనే ఉంది. పోలీసులకు అది చాలు. మాస్టారికి మాత్రం చాలలేదు. పిల్లాడి మీద నేరం పడుతుంటే నిద్ర పట్టక ప్రసన్న దగ్గరికి వచ్చారు.

అభిరామ్ గదిలో టేబులు మీద పెద్ద మానిటరు, పక్కనే నేలమీద మోకాలెత్తు నల్ల డబ్బా ఉన్నాయి. పొద్దున్నుంచీ ఏమీ తిననట్టుంది, వాడి పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"కూసో తమ్ముడూ. దీని జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పు."

"సెప్టెంబర్ ఇరవై అయిదు, ఆదివారం అక్కా. రెండేళ్ళు ఒక్కో పార్టూ కొని పెట్టుకున్నాను. ఎంత పెద్ద గేమైనా ఎప్పుడూ ఆగలేదు. ఆ రోజు నుంచీ స్లో, మధ్యలో ఠక్కున ఆఫ్. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ స్లో..."

"ఆగు. మెల్లగ నడుసుడు ఒక జబ్బు. ఠక్కున ఆఫయ్యుడు ఇంకో జబ్బు. రెంటిని కలిపి చెప్పకు. ఆఫ్ అయిన టైములు యాదికున్నయా?"

అభిరామ్ గోడవైపు చెయ్యి చూపించాడు. అక్కడ తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. పాలు రాని రోజులు, గ్యాస్ బండ మార్చిన తేదీ, కరెంటు తీసే వేళలు నాగేశ్వరి అక్షరాలతో ఉన్నాయి. వాటి సందుల్లో ఎర్ర పెన్నుతో చిన్న చిన్న ఇంటూ గుర్తులు, పక్కన వేళలు.

"షాపు వాడికి చూపిద్దామని రాశాను. వారంటీ ఉంది."

ప్రసన్న సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఇరవై అయిదు నుంచి ముప్ఫై వరకు రోజుకు రెండు మూడు ఇంటూలు. ఒకటి నుంచి నాలుగు వరకు ఖాళీ. ఆ రోజుల్లో అభిరామ్ తెనాలిలో ఉన్నాడు. అయిదు నుంచి తొమ్మిది వరకు కూడా ఖాళీయే. పదో తారీకు, అంటే నిన్న, మళ్ళీ రెండు.

"అయిదు నుంచి తొమ్మిది దాక ఆడలేదా?"

"ఆడాను. పండగ సెలవులు, పైగా సమ్మె, రోజంతా ఆడాను. ఒక్కసారి కూడా ఆఫ్ అవలేదు. స్లో మాత్రం అలాగే ఉంది."

"ఎవరు బాగుచేసిన్రు?"

"ఎవరూ చెయ్యలేదు. దానంతటదే సర్దుకుంది."

"దానంతటదే సర్దుకున్న మిషన్ నేను ఇంతదాక చూడలే," అంది ప్రసన్న. "స్లో అయినప్పుడు లోపల ఏం నడుస్తుందో చూడలేదా?"

"చూశాను. ఏదో అప్‌డేట్ అని పేరుంది. ప్రాసెసర్ మొత్తం అదే తినేస్తోంది. ఆపితే మర్నాటికి మళ్ళీ వచ్చేది. విండోస్ గొడవనుకుని వదిలేశా. ఆదివారం నుంచీ అది కూడా లేదక్కా. స్లో పూర్తిగా పోయింది. గాలిలా నడుస్తోంది."

ప్రసన్న పెన్ను కాగితం మీద ఆగింది.

"ఏ ఆదివారం?"

"మొన్న. తొమ్మిదో తారీకు సాయంత్రం నుంచి."

బాగుపడిందని వాడు సంతోషంగా చెప్పిన ఆ ఒక్క మాట, పరీక్ష రాయబోయే వేలమంది నెత్తిన బండ వేసినట్టే. కానీ ఆ మాట పైకి అనడానికి ఇంకా సాక్ష్యం కావాలి.

కంప్యూటరు ఆన్ చేసింది. పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ రాసిన చీటీ మానిటరు అంచునే అంటించి ఉంది.

"ఇదేంది, తాళంచెవి తలుపుకే వేలాడదీసినవు?"

"అమ్మ వంటలు చూసుకుంటుంది. నాన్న టెస్ట్ పేపర్లు టైప్ చేసుకుంటారు. అక్క పాత పేపర్లు ప్రింట్ తీసుకుంటుంది. ప్రతిసారీ నన్ను పిలుస్తారని రాసి పెట్టాను."

ఎప్పుడు వెలిగిందీ, ఎప్పుడు హఠాత్తుగా ఆగిపోయిందీ విండోస్ తన చిట్టా తానే రాసుకుంటుంది. ప్రసన్న ఆ చిట్టా తెరిచి, తన నోటుబుక్కులో దించుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో గీతకూ గోడ క్యాలెండరులో కరెంటు తీసిన వేళ చూసి సరిపోలిస్తోంది. పదకొండు పది. పదకొండు పదిహేను. వాకిట్లో మోటారు శబ్దం ఆగలేదు.

అక్టోబరు ఒకటి, పొద్దున తొమ్మిది పావు: హఠాత్తుగా ఆఫ్. కరెంటు ఉంది. అదే రోజు మూడు అయిదు: ఆఫ్. కరెంటు ఉంది. రెండో తారీకు మూడుసార్లు. మూడో తారీకు పది ఇరవైకి ఒకసారి. ఆ తర్వాత ఆరు గంటలకు పైగా ఏమీ లేదు. సాయంత్రం నాలుగు నలభైకి మళ్ళీ ఆన్. అక్కడినుంచి నిన్నటిదాకా, కరెంటు పోయినప్పుడు తప్ప, ఒక్క పొరపాటు లేదు.

"తమ్ముడూ, నువ్వు తెనాలిల పాయసం తింటుంటే నీ కంప్యూటర్ ఈడ ఆరుసార్లు సచ్చి బతికింది."

అభిరామ్ ముందుకు వంగి తెర చూశాడు. నోరు తెరిచాడు.

"అరె, నోరు తెరిపించినవా? మంచిది. నాకు పని తగ్గింది," అన్న గొంతు గుమ్మంలోంచి వచ్చింది.

జైపాల్ నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, సమ్మె బందోబస్తులో నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనకాల వెంకట్రావు, ఇస్త్రీ చొక్కాలో, చేతులు కట్టుకుని నిలుచున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఇరవై ఏళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్న మనిషి. ఇంట్లో కూడా బోర్డు ముందు నిలబడ్డట్టే నిలబడతాడు.

"పన్నెండింటికి అన్నరు గద సార్?" అంది ప్రసన్న.

"కరెంటు పోయినంక వచ్చి డబ్బాకు దండం పెట్టుకోవాల్నా? అందుకే ముందొచ్చిన. అయినా ఏందమ్మా ప్రసన్నా, మానిటర్లు తుడుసుకుంట బతికెటోళ్ళు గూడ ఇన్వెస్టిగేషన్ చేసుడేనా?"

"తుడిస్తేనే కనపడ్తది సార్."

"ఏం కనపడ్డదో చెప్పు మరి. మా కంప్యూటర్ ఆయన నిన్న ఈడికొచ్చి డబ్బా చూసి రిపోర్టిచ్చిండు. పాస్‌వర్డ్ పగలగొట్టే ప్రోగ్రాం, అప్‌డేట్ అని దొంగ పేరు పెట్టుకోని, ఈ పిలగాని లాగిన్‌ల పదిహేను దినాలు నడిచింది. తర్వాత చెరిపేసిన్రు. అయిపాయె."

"లాగిన్ ఎవరిదన్నది కాదు సార్, కుర్సీల ఎవరు కూసున్నరన్నది చూడాలె. పాస్‌వర్డ్ ఆ చీటీ మీదనే ఉన్నది. నేను గూడ ఇప్పుడు అదే లాగిన్‌ల ఉన్న. నన్ను గూడ తీస్కపోతరా?"

జైపాల్ చీటీ చూశాడు. ముఖం కొంచెం గంటు పెట్టుకున్నాడు. "సరే. ఇంకేంది?"

"ఒకటి నుంచి నాలుగు దాక ఈ తమ్ముడు తెనాలిల ఉన్నడు. రైలు టికెట్లు అమ్మ దగ్గరున్నయ్. గా నాలుగు దినాలు గూడ ప్రోగ్రాం నడిచింది."

"పెట్టి పోయిండు. అది దానంతటదే నడుస్తది."

"నడుస్తది. మరి ఆరుసార్లు ఆఫ్ అయితే ఆరుసార్లు స్విచ్ ఎవరు ఒత్తిన్రు? తెనాలికెల్లి ఏలు ఆనదు గద సార్."

వెంకట్రావు దగ్గాడు. "అమ్మాయ్, అది వేడెక్కితే ఆఫ్ అవుతుంది, చల్లారితే తనే ఆన్ అవుతుందేమో. కొన్ని మెషీన్లలో అలాంటి సదుపాయం ఉంటుంది."

"ఉంటది సార్. దీంట్ల పెట్టలేదు. చూసిన." ప్రసన్న ఆయనవైపు తిరిగింది. "వేడెక్కి ఆఫ్ అయితున్నదని మీకెట్ల తెలిసింది? మేము ఎవ్వరం ఆ మాట అనలే."

"ఫిజిక్స్ మాస్టారినమ్మా. ఆ మాత్రం తెలియదూ?" అని చిన్నగా నవ్వాడు.

నిజమే. తెలియకపోతేనే వింత. ప్రసన్న తల ఊపి నేలమీద చతికిలబడింది. పదకొండు ఇరవై ఎనిమిది. కంప్యూటరు ఆపేసి, వైర్లు పీకి, పక్క రేకు మరలు విప్పింది. లోపల దుమ్ము రెండేళ్ళది, దూదిలా పేరుకుని ఉంది. గ్రాఫిక్స్ కార్డుల మీద, అడుగున, మూలల్లో అంతటా ఉంది. నడిమధ్య ప్రాసెసర్ మీద బిగించిన ఫ్యాను రెక్కలు మాత్రం కడిగి తుడిచినట్టున్నాయి.

"చూడండి సార్. ఇల్లంతా బూజు, దేవుని గూడు ఒక్కటే కడిగిన్రు."

జైపాల్ మోకాళ్ళ మీద వంగాడు. "అయితే?"

"దొంగ పని మొదలుపెట్టంగనే డబ్బా మస్తు వేడెక్కింది. గంటకోసారి ఆఫ్. ఆఫ్ అయితే పాస్‌వర్డ్ వెతుకుడు ఆగిపాయె. అందుకే మూడో తారీకు పది ఇరవై నుంచి నాలుగు నలభై లోపట, ఈ ఫ్యాన్ విప్పి, దుమ్ము దులిపి, మళ్ళ బిగించిండు. ఆనాటి సంది ఆఫ్ కాలే. ఈ కంప్యూటర్‌కు వైద్యం చేసినోడే దొంగ సార్. జబ్బు ఎవరికైనా వస్తది. వైద్యం ఊకె కాదు."

"నిన్న మళ్ళ ఆఫ్ అయింది గద?" జైపాల్ క్యాలెండరువైపు గడ్డం ఎత్తాడు.

"అదే నాకు గూడ తెలుసుకోవాలని ఉంది."

ఫ్యాను కింద అల్యూమినియం రేకుల దిమ్మె ఉంది. దానికీ ప్రాసెసర్‌కూ మధ్య బూడిదరంగు పేస్టు పూస్తారు. వేడి దానిగుండానే పైకెక్కుతుంది. ఒకసారి విప్పితే పాత పేస్టు పనికిరాదు, కొత్తది పూయాల్సిందే. మూడో తారీకున దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరు షాపులన్నీ మూసి ఉన్నాయి. ఆ రోజు స్క్రూ డ్రైవరు కోసం ప్రసన్నే వీధి వీధీ తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. మరి దొంగ ఏం పూశాడు?

నాలుగు మరలూ విప్పి దిమ్మెను మెల్లగా పైకి లేపింది. పటపటమని పొడి రాలింది. బూడిదరంగు కాదు. ఇటుక రంగు. ఎండి బీటలు వారిన ఎర్రమట్టిలా ప్రాసెసర్‌కు అతుక్కుని ఉంది. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. లవంగం వాసన.

"పళ్ళ పేస్టు," అంది.

"ఏంది?" అన్నాడు జైపాల్.

"థర్మల్ పేస్టు దొరక్కుంటే పళ్ళ పేస్టు పూస్తే కొన్ని దినాలు పని చేస్తదని ఇంటర్‌నెట్‌ల రాస్తరు. నిజమే, చేస్తది. తడి ఆరిందాక. ఆరినంక మళ్ళ మొదటికే. ఇది నిన్న ఆరిపోయింది."

జైపాల్ కూడా వాసన చూశాడు. చాలాసేపటికి మొదటిసారి వెక్కిరింపు లేని గొంతుతో, "ఎర్ర పేస్టు," అన్నాడు.

"అమ్మా," ప్రసన్న వంటింటివైపు గొంతెత్తింది, "బాత్‌రూంల ఉన్న పళ్ళ పేస్టులన్నీ జర తెస్తరా?"

నాగేశ్వరి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళింది. అలికిడికి పక్క గదిలోంచి మృదుల వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, జుట్టు కొప్పుగా చుట్టి అందులోనే పెన్ను గుచ్చుకుంది. రెండుసార్లు ఇదే పరీక్ష రాసి, ఒకసారి మూడు మార్కులతో, ఇంకోసారి ఒక్క మార్కుతో పోగొట్టుకుంది.

నాగేశ్వరి తిరిగి రావడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది. చేతిలో రెండు ట్యూబులున్నాయి. రెండూ తెల్ల పేస్టువే.

"ఇవే," అంది, ఎవరివైపూ చూడకుండా.

"నలుగురికి రెండేనా అమ్మా?"

"రెండే."

"పిల్లలు గూడ ఇవే వాడ్తరా?"

నాగేశ్వరి ట్యూబులను పిడికిట్లో బిగించింది. కన్న కొడుకు కటకటాల వెనక్కి పోకూడదని పొద్దున్నుంచీ మొక్కుకున్న మనిషి, ఇప్పుడు కొడుకును విడిపించే మాట నోట్లో పెట్టుకుని చెప్పలేక నిలబడింది.

జైపాల్ ఆగలేదు. "ఇగో ప్రసన్నా, నీ లెక్క నాకు నచ్చింది. పిలగాడు ఊర్ల లేడు, ఒప్పుకుంట. మూడో తారీకు ఇంట్ల ఉన్నది ఇద్దరే. అందుల పరీక్ష రాసేదెవరు?" మృదులవైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వే గద?"

"నాకేం తెలుసు సార్? నేను నా గదిలో చదువుకుంటున్నాను," అంది మృదుల. నిన్నమొన్నటిదాకా తమ్ముణ్ణి అన్న మాట ఇప్పుడు తనను తాకేసరికి ఆమెకు అది అర్థం కావడానికే కొంతసేపు పట్టింది.

"అందరు అట్లనే అంటరు. ఎర్ర పేస్టు నీదేనా? లేడీ కానిస్టేబుల్‌ను పిలుస్త, నీ గది చూపియ్యి." ఫోను తీశాడు.

"అమ్మాయి జోలికి వెళ్ళకండి," అన్నాడు వెంకట్రావు.

గొంతు పెద్దది కాదు. క్లాసులో వెనక బెంచీదాకా వినపడేలా ఇరవై ఏళ్ళు సానబట్టిన గొంతు. జైపాల్ ఫోను చెవి దగ్గరే ఆగిపోయింది.

"ఆ పేస్టు నాది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందని వాడతాను. ట్యూబు నాగేశ్వరి పోపులడబ్బాల వెనక దాచి ఉంటుంది ఇప్పుడు. పెన్‌డ్రైవ్ శనివారం రాత్రే చూశాను. కాపీ చేసుకుని మళ్ళీ సోఫాలో పెట్టాను."

అభిరామ్ కుర్చీలోంచి లేచాడు. "నాన్నా! పొద్దున్నుంచీ నన్ను తీసుకుపోతారని అంటుంటే... మీరు పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారు!"

"నువ్వు చెయ్యలేదు కాబట్టి నీ మీద నిలవదు. రెండు రోజుల్లో వదిలేసేవారు. ఆలోచించే చేశాను."

"నా ఉద్యోగం పోయాక వదిలేసేవారు!"

వెంకట్రావు జైపాల్‌తోనే మాట్లాడుతున్నాడు, ఎదురుగా ఉన్నవాడికి లెక్క అర్థమయ్యేదాకా వదలని మాస్టారిలా. "మృదుల పదో తరగతిదాకా వాళ్ళ అమ్మమ్మ దగ్గర తెనాలిలో చదివింది. కాగితం మీద నాన్‌లోకల్. రేపు రాష్ట్రం విడిపోతే ఇక్కడ దానికి ఏ ఉద్యోగం వస్తుంది? ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాం, ఇల్లు ఇక్కడే, మేము ఎక్కడికి పోతాం? ఇదొక్కటే చివరి అవకాశం అనుకున్నాను. మీకు ఆడపిల్ల ఉంటే తెలుస్తుంది."

"ఉన్నది సార్. మా తమ్ముని బిడ్డ గూడ," జైపాల్ మెల్లగా అన్నాడు. "పదహారో తారీకు అదే పరీక్షకు కూసుంటున్నది. బడంగ్‌పేట్ నుంచి బస్సుల్లేక, సమ్మె దినాలల్ల నడుసుకుంట లైబ్రరీకి పోయి చదివింది. మీకు ఎట్లనో నాకు గూడ అట్లనే."

వెంకట్రావు తల దించుకున్నాడు.

"సరే," జైపాల్ ఫోను జేబులో పెట్టాడు. "చేసిన్రు, ఒప్పుకున్నరు. లాక్ అయితే తెరుసుకోలె గద? బోర్డు నెలలు పడ్తదన్నది. అది కొంచెం నయం."

ప్రసన్న నోటుబుక్కు మూసింది. ఇక దాచి లాభం లేదు.

"తెరుసుకుంది సార్. రెండు జబ్బులని చెప్పిన గద? ఆఫ్ అయ్యుడు వేడితోని. మెల్లగ నడుసుడు, లోపల ఆ ప్రోగ్రాం వెతుకుతుంటే. ఆదివారం సాయంత్రం సంది మెల్లగ నడుసుడు పోయింది. వెతికేటోడు ఎప్పుడు ఆపుతడు? దొరికినప్పుడు." వెంకట్రావును చూసింది. "పాస్‌వర్డ్ ఏంది సార్?"

వెంకట్రావు చూపు విప్పిన డబ్బా మీద నిలిచింది.

"సీతారాములు భార్య పేరు, పెళ్ళిరోజు," అన్నాడు వెంకట్రావు. "చనిపోయి అయిదేళ్ళయింది. ముందే తట్టి ఉండాల్సింది నాకు. ఆ పెళ్ళికి నేనూ వెళ్ళాను."

"పేపరు ఏడున్నది?" జైపాల్ అడుగు ముందుకేశాడు. "ప్రింట్ తీసిన్రా? ఎవరికిచ్చిన్రు? సార్, జర ఆలోచించి చెప్పండి. ఆ పేపరు చూసినోళ్ళెవరైనా సరే, ఈ పరీక్షనే కాదు, ఇంకేదీ రాయనియ్యరు. జన్మల రాయనియ్యరు."

వెంకట్రావు ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఆ సంగతి ఆయన లెక్కలోకి రాలేదని ప్రసన్నకు అర్థమైంది. రెండు వారాలు వేడిని, కరెంటును, రోజులను లెక్కపెట్టిన మనిషి ఈ ఒక్కటీ మరిచాడు.

"ప్రింట్ తియ్యలేదు," అన్నాడు. "చేత్తో రాశాను. ప్రశ్నల వరస మార్చి. నిన్న పొద్దున..."

ఆగిపోయాడు.

"నిన్న పొద్దున ఏంది?"

"నాన్నగారూ," అంది మృదుల.

ఆమె గొంతు వింటే అప్పటికే తెలిసిపోయినట్టుంది. అయినా ఆయన నోట వినాలని నిలబడింది.

"గ్రాండ్ టెస్ట్ అని ఇచ్చాను," వెంకట్రావు అన్నాడు. "నేను తయారుచేశానని. దానికేమీ తెలియదు సార్. దాని మీద ఒట్టు. మూడు గంటలు కూర్చుని రాసింది. నూటయాభైకి నూట ముప్ఫై నాలుగు. ఎవరి సాయమూ లేకుండా దానికదే రాసింది. నేను ఒక్క ముక్క చెప్పలేదు. దానికి వచ్చు సార్! అన్నీ వచ్చు దానికి!"

నాగేశ్వరి చేతిలోంచి ట్యూబులు జారి నేలమీద పడ్డాయి. మంచం అంచున కూలబడింది. జైపాల్ నెత్తిన చెయ్యి పెట్టుకుని కిటికీవైపు తిరిగాడు.

నిన్న మధ్యాహ్నం అదే మార్కులు చూసి మృదుల ఎంత సంతోషపడిందో ప్రసన్న ఊహించగలిగింది. ఎవరికీ చెప్పకుండా, లోపల్లోపల, ఈసారి వచ్చేస్తుంది అనుకుని ఉంటుంది. అది నిజం కూడా. ఆ పేపరు చూడకపోతే ఆదివారం వెళ్ళి అవే మార్కులు తెచ్చుకునేది.

"అమ్మా, నువ్వేం తప్పు చేయలే," అంది ప్రసన్న. "నేను రాసిస్త. స్టేట్‌మెంట్‌ల నీకు తెలియదని..."

మృదుల వినిపించుకున్నట్టు లేదు. తండ్రిని చూస్తోంది. కోపం కాదు. ఒక కఠినమైన లెక్కను మొదటినుంచి చివరిదాకా మళ్ళీ ఒకసారి సరిచూసుకుంటున్న చూపు. తర్వాత తన గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడు. తిరిగి వచ్చినప్పుడు ఒక చేతిలో దారంతో కుట్టిన పదిహేను ఠావుల తెల్లకాగితాలు, రెండో చేతిలో ఫోటో అంటించిన హాల్ టికెట్ ఉన్నాయి. రెండూ జైపాల్ పక్కనున్న టేబులు మీద పెట్టింది. కాగితాల మొదటి పేజీ మూలన ఎర్ర సిరాతో తండ్రి వేసిన 134, కింద గుండ్రటి సంతకం.

"ఆగమ్మా, నీతోని మాట్లాడాలె," అన్నాడు జైపాల్.

"మృదులా," అన్నాడు వెంకట్రావు. "తల్లీ, ఒక్కసారి ఇటు చూడు."

అభిరామ్ అక్క చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె మెల్లగా విడిపించుకుంది. కొప్పులో గుచ్చుకున్న పెన్ను తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఒక్క క్షణం గోడకు ఆనుకుంది. ఆ తర్వాత గేటు గడియ తీసి, వెనక్కి తిరిగి చూడకుండా, ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది.